భోజలికి ఒక రోజు ముందు

"ఏటండీ, ఈ చెంబు అడుగు ఏం చేశారు?"

దాలమ్మ రాగి చెంబుని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి లోపలికి చూస్తోంది.

"నేనేం చేస్తాను? అందులో నీళ్ళు తాగాను," అన్నాడు భీమారావు, యూనిఫాం కోటుకి గుండీలు పెట్టుకుంటూ.

"నీళ్ళు తాగితే అడుగు అరుగుతుందేటి?"

"నేను తాగితే అరగదు. నువ్వు పొద్దూ మాపూ చింతపండేసి తోముతావు చూడు, దానికి అరుగుతుంది."

"మా అమ్మ ఇరవయ్యేళ్ళు తోమింది దీన్ని. నేను ఇరవయ్యేళ్ళు తోమేను. అప్పుడు అరగనిది ఈ నెల్లో అరిగిపోయిందా?"

"రాయపూర్ నీళ్ళే అలాంటివి."

"నీళ్ళ మీదకి తొయ్యకండి. మొన్న చదరంగం బల్ల కాలు విరిగితే వాన మీదకి తోసేరు."

భీమారావు ధమ్తరీ వెళ్ళే చిన్న లైను రైలుకి గార్డు. ఎర్ర జెండా, పచ్చ జెండా, మెడలో ఈల అన్నీ ఉన్నాయి గానీ, ఇంట్లో మాటలు ఎక్కడ ఆగాలో ఎప్పుడు కదలాలో దాలమ్మే చెప్పాలి. ఇవాళ ఆ మాటలు ఆగేలా లేవు. రైలు టైము అవుతోంది.

వరండాలో జడ వేసుకుంటున్న తాయారు ఇంక లాభం లేదనుకుంది.

"అమ్మా, నాన్ననేమీ అనకు. దాన్ని ఆకురాయితో అరగదీసింది నేను."

దాలమ్మ మూసిన కన్ను తెరిచింది. ఆ సందు చూసుకుని భీమారావు జెండాలు చంకన పెట్టుకుని బయటపడ్డాడు.

"ఎందుకే?"

"రాగి రజను కావాలి. కాలేజీకి."

"కాలేజీలో రాగి లేదా?"

"ఉన్న పొడి పాతబడి నల్లబడిపోయింది. కలకత్తా నుంచి కొత్త సీసా రావాలి. సూరిబాబుగారు రోజూ ఆ పాత సీసా వంక చూసి నిట్టూరుస్తున్నారు. చూడలేకపోయాను."

"ఎవరా సూరిబాబుగారు?"

"మా కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటరు."

"ఆయన నిట్టూరిస్తే నా చెంబు అరగాలా?"

ఈ ప్రశ్నకి బి.ఎస్సీ. పుస్తకాల్లో ఎక్కడా సమాధానం లేదు. తాయారు రిబ్బను ముడి రెండుసార్లు విప్పి రెండుసార్లు వేసుకుంది.

"బస్, ఇంక చెప్పకు," అంది దాలమ్మ. "ఆ మాస్టార్ని ఓసారి మనింటికి రమ్మను. నిట్టూర్పులేవో నా ముందర నిట్టూర్చమను."

* * *

ఆదివారం నాడు సూరిబాబు వచ్చాడు. ఒక చేతిలో కొత్త రాగి చెంబు, వెనక వాళ్ళమ్మ పార్వతమ్మ. సన్నగా పొడుగ్గా ఉన్నాడు. కళ్ళజోడు. వేళ్ళకి యాసిడ్ మరకలు, పసుపు దంచి చేతులు కడుక్కోని వాడిలా.

"నేను రైల్వే వర్క్‌షాపు నుంచి తెచ్చారనుకున్నానండి," అన్నాడు గుమ్మంలోనే. "చెంబని తెలిస్తే అయొడీనుతో కడిగేవాణ్ణి కాను. అంటే కడిగేవాణ్ణే, కానీ ముందు అడిగేవాణ్ణి."

"లోపలికి రా నాయనా," అంది దాలమ్మ. తిట్లు నాలుగైదు సిద్ధం చేసుకుంది గానీ, ఇంత అమాయకం మొహం వస్తుందని అనుకోలేదు. తిట్లు పక్కన పెట్టి పార్వతమ్మ వైపు తిరిగింది. "మీదే ఊరమ్మా?"

"సాలూరు."

"ఓలమ్మ! మాది బొబ్బిలి!"

అంతే. ఆ తర్వాత ఆ గదిలో వేరే మనుషులు ఉన్నారన్న సంగతి ఆ ఇద్దరూ మర్చిపోయారు. పార్వతమ్మ భర్త రామమూర్తి రాజిమ్ స్టేషనులో అసిస్టెంటు మాస్టరనీ, నెలకి రెండుసార్లు ఇంటికొస్తాడనీ, ఇక్కడ ఎర్ర కందిపప్పు ఎంతసేపు ఉడికించినా ఉడకదనీ, ఛత్తీస్‌గఢీ వాళ్ళు వాడే చింతపండు పులుపే కాదనీ తేల్చుకున్నారు. ఒకే కులమని, ఇంటిపేర్లు వేరని కూడా తేల్చుకున్నారు. అది ఎందుకు తేల్చుకున్నారో మాత్రం మర్చిపోయారు.

తాయారు కాఫీ గ్లాసు అందిస్తూ, "మీరు తిట్లు తింటారని చూస్తున్నాను సార్," అంది మెల్లగా.

"నేనూ అదే చూస్తున్నాను," అన్నాడు సూరిబాబు. ఇంకేదో అనబోయాడు. నోరు తెరిచాడు కూడా.

"చదరంగం వచ్చా నీకు?" అంటూ భీమారావు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

వచ్చు. అదే వచ్చిన చిక్కు. చీకటి పడేదాకా ఆ ఇద్దరూ విరిగిన కాలికి ఇటుక పెట్టిన బల్ల మీదికి వంగి కూర్చున్నారు. లోపల దాలమ్మా పార్వతమ్మా ఒకే చేటలో బియ్యం ఏరుతున్నారు. ఆ రోజు ఆ ఇంట్లో రెండు జతలు చక్కగా కుదిరాయి. తాయారుకి కావలసిన జత మాత్రం కుదరలేదు.

* * *

అప్పట్లో మా ప్రాంతానికి నాగపూరు రాజధాని. సూరిబాబు థీసిస్ అక్కడికే పంపాలి. అతను పట్టుకున్న పని చెప్పుకోవడానికి చిన్నది. రెండు రకాల బెంజీను వలయాలు తీసుకుని, దీని కార్బనూ దాని కార్బనూ నేరుగా కలిసేలా చెయ్యాలి. మధ్యవర్తి రాగి పొడి. కాలేజీలో గ్యాసు లేదు కనక కిరసనాయిలు స్టవ్ మీద ఇసక మూకుడు, ఇసకలో గాజు ఫ్లాస్కు, పక్కన విసనకర్రతో సూరిబాబు.

"ఇందులో చిక్కేముంది సార్?" అంది తాయారు, రెండో ప్రయోగం కూడా పాడైన రోజున.

"ఒక వలయానికి నైట్రో తగిలించి ఉంది. మహా చురుకు. రెండోది అయొడో బెంజీను. మందకొడి. నాకు అటుదొకటి ఇటుదొకటి కలవాలి."

"కలవట్లేదా?"

"చురుకైనవి తమలో తామే జత కట్టేసుకుంటున్నాయి. నైట్రోకి నైట్రో. ఈ మందకొడివి గోడవారగా నిలబడి చూస్తున్నాయి."

తాయారు అతన్ని ఎగాదిగా చూసింది. విసనకర్ర, చెమట, ముక్కు చివరికి జారిన కళ్ళజోడు.

"నాకు తెలుసు సార్ ఈ అయొడో బెంజీను ఎలాంటిదో."

"ఎలాంటిది?"

"మా ఇంటికి రోజూ వస్తుంది. ఎంత కాచినా కదలదు. మా నాన్నతో చదరంగం ఆడి వెళ్ళిపోతుంది."

సూరిబాబు విసరడం ఆపేశాడు. స్టవ్ కూడా ఆరిపోయింది.

తర్వాతి వారం అతను పద్ధతి మార్చాడు. మందకొడిదాన్ని ఫ్లాస్కు నిండా పోసి, చురుకైనదాన్ని చుక్క చుక్కగా వదిలాడు. ప్రతి చుక్కకీ చుట్టూ అయొడో బెంజీనే కనిపించాలి. తనలాంటిది ఇంకోటి దొరక్కూడదు. అప్పుడు గత్యంతరం లేక అటూ ఇటూ కలుస్తాయి.

కలిశాయి. సన్నటి గాజు గొట్టంలో లేత పసుపు పలుకులు.

"సరైనదో కాదో ఎలా తెలుస్తుంది?" అంది తాయారు.

"ముప్పయ్యేడు డిగ్రీలకి కరగాలి. మనిషి ఒంటి వేడి, అంతే."

తాయారు గొట్టాన్ని గుప్పిట్లో పెట్టుకుంది. బయట వాన మొదలైంది. కిటికీ రెక్క టపటపలాడింది. ఎంతసేపు పట్టుకున్నా పలుకులు పలుకుల్లానే ఉన్నాయి.

"ఇలా ఇవ్వండి," అని సూరిబాబు తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఇచ్చేటప్పుడు తాయారు వేలు అతని అరచేతికి తగిలింది. కాసేపటికి గుప్పిట విప్పి చూస్తే, గొట్టంలో నూనెచుక్క.

"కరిగిపోయింది!"

"కల్తీ ఉంటే ముందే కరుగుతుందని మీరే చెప్పారు," అంది తాయారు. "ఇందులో కల్తీ ఉందా, మీకు జ్వరం ఉందా?"

"లేదే... అంటే... కొంచెం వెచ్చగా ఉన్నట్టుంది."

"నాకు తెలిసి పొద్దున్న లేదు సార్."

సూరిబాబు గొట్టాన్ని కిటికీలోంచి వచ్చే చల్లగాలికి పట్టాడు. మొహాన్ని కూడా అటే పట్టాడు.

ఫ్లాస్కులో నెగ్గిన పద్ధతిని అతను రైల్వే క్వార్టర్సులోనూ ప్రయోగించాడు. రోజుకో చుక్క. ఒక రోజు పుస్తకం ఇవ్వడానికి, ఒక రోజు గొడుగు తీసుకోవడానికి, ఒక రోజు గొడుగు తిరిగి ఇవ్వడానికి. కానీ ప్రతి చుక్కనీ గుమ్మంలోనే భీమారావు పట్టేసుకునేవాడు.

"రా తమ్ముడూ! నిన్న నా ఏనుగుని అన్యాయంగా కొట్టేవు!"

ఆ పిలుపు వినగానే వంటింట్లో తాయారుకి ఒళ్ళు మండింది. మర్నాడు లాబులో అడిగింది. "మా నాన్నకి మీరు తమ్ముడైతే, నేను మిమ్మల్ని బాబాయ్ అనాలా సార్?"

"అనకండి!" అన్నాడు సూరిబాబు. ఆరు నెలల్లో అతను అంత గట్టిగా అన్న మాట అదొక్కటే. తాయారు దాన్ని రాత్రి నిద్రపోయేదాకా తల్చుకుంది.

* * *

శ్రావణం వచ్చింది. తెలీబంధా చెరువు గట్టు దాకా నిండింది. పాలు పోసే ఫులేసరి ఓ రోజు చిన్న వెదురుబుట్ట తెచ్చి దాలమ్మకిచ్చింది. బుట్టలో మట్టి, మట్టిలో గోధుమ గింజలు. చీకటి మూల పెట్టి, పసుపునీళ్ళు చిలకరిస్తే, రాఖీ పున్నమి నాటికి లేత పసుపు మొలకలు జానెడు ఎదుగుతాయి. దాని పేరు భోజలి. పున్నమి మర్నాడు ఆడవాళ్ళంతా బుట్టలు నెత్తిన పెట్టుకుని పాడుకుంటూ చెరువుకి తీసుకెళ్ళి కలుపుతారు. ఇష్టమైన ఇద్దరు నాలుగు మొలకలు తీసి ఒకరి చెవి వెనక ఒకరు పెట్టుకుంటే, ఆనాటినుంచి వాళ్ళు భోజలి. చచ్చేదాకా స్నేహం.

"పార్వతక్కా నేనూ భోజలి కట్టుకుంటున్నాం," అంది దాలమ్మ పాలగిన్నె పట్టుకుంటూ. మొహం వెలిగిపోతోంది. "ముప్పయ్యేళ్ళయింది ఈ ఊరొచ్చి. నాకంటూ ఒక్క మనిషి దొరకలేదు. ఇప్పటికి దొరికింది. తాయారూ, ఇంకనుంచి ఆవిణ్ణి పెద్దమ్మా అని పిలు."

"పిలవాల్సిందే," అని ఫులేసరి తన భాషలో చెప్పుకుపోయింది. "భోజలి అంటే మాటలా దాయీ, చెప్పమ్మా? ఒక కడుపున పుట్టినట్టే. నా భోజలి కూతుర్ని మా వాడు చేసుకుంటానంటే నేను చీపురు తీశాను. భాయీ బహినీ అవుతారు కదా! ఊళ్ళో తలెత్తుకోగలమా?"

తాయారు చేతిలో ఉన్న పోపుల పెట్టె జారింది. ఆవాలు వంటింటి నాలుగు మూలలకీ పరిగెత్తాయి.

"చూడు, ఎలా ఒలకబోసిందో," అంది దాలమ్మ. "చెంబులు అరగదీస్తుంది, ఆవాలు పారబోస్తుంది. ఈ చదువేటో."

ఆవాలు ఏరుతూ తాయారు ఆలోచించింది. అమ్మకి చెప్పాలా? ఏమని? అతను ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. గుప్పిట్లో పలుకులు కరిగాయని అమ్మ స్నేహం చెడగొట్టనా?

మధ్యాహ్నం లాబులో సూరిబాబు ముందు నిలబడింది.

"సార్, కార్బనూ కార్బనూ ఒకసారి కలిశాక విడదీయొచ్చా?"

"కష్టం. మహా గట్టి బంధం. తప్పు జత కలిసిందంటే ఇంక పారబొయ్యడమే. అందుకే సరైన జతని ముందు కలపాలి."

"పున్నమి మర్నాడు మన ఇళ్ళల్లో తప్పు జత కలవబోతోంది."

అని భోజలి సంగతంతా చెప్పింది. సూరిబాబు కళ్ళజోడు తీసి, తుడిచి, తలకిందులుగా పెట్టుకున్నాడు.

"అంటే మనం..."

"అన్నాచెల్లెళ్ళం."

"అయ్యయ్యో!"

"ఎందుకు సార్ అయ్యయ్యో?"

అతను నోరు తెరిచాడు. మూశాడు. "నాకు కావలసింది... అటుదొకటి ఇటుదొకటి..." అన్నాడు.

"అది నైట్రో సంగతి. మీ సంగతి అడుగుతున్నాను."

"మా అమ్మతో చెప్తాను. నెమ్మదిగా."

"రోజుకో అక్షరమా?"

తాయారుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బల్ల మీద సుద్దముక్క తీసుకుంది. "సరే, మీరు నెమ్మదిగానే చెప్పండి. ఈలోగా ఇది చూడండి. అక్కచెల్లెళ్ళ పిల్లలు ఏమవుతారు?"

"అన్నాచెల్లెళ్ళు."

"అన్నాచెల్లెళ్ళ పిల్లలు?"

"బావామరద..." సూరిబాబు ఆగిపోయాడు. ఈసారి కళ్ళజోడు సరిగ్గా పెట్టుకున్నాడు.

"భోజలికి ముందు రోజు రాఖీ," అంది తాయారు. "మీ అమ్మగారికి అన్నదమ్ములు లేరు. మా నాన్నకి అప్పచెల్లెళ్ళు లేరు. ఈ కాలనీలో పంజాబీవాళ్ళూ మార్వాడీవాళ్ళూ అందరూ కడతారు. అమ్మకీ అమ్మకీ కలిసేలోగా, మీ అమ్మగారికీ మా నాన్నకీ కలపాలి. అప్పుడు ఆవిడ నాకు పెద్దమ్మ కాదు, మేనత్త."

"తాయారు గారూ," అన్నాడు సూరిబాబు భక్తిగా, "మీరు థీసిస్ రాయాల్సింది."

* * *

రాఖీ మాట పార్వతమ్మకి నచ్చింది. "నాకూ ఒక అన్న ఉంటే బాగుండునని చిన్నప్పటినుంచీ అనుకునేదాన్ని," అంది. దాలమ్మకీ నచ్చింది. పార్వతమ్మ తనకి అక్కా వదినా రెండూ ఎలా అవుతుందని ఆ ఇద్దరిలో ఎవరూ ఆలోచించలేదు. స్నేహంలో ఉన్నవాళ్ళకి లెక్కలు పట్టవు.

పున్నమి నాడు పార్వతమ్మ పట్టుచీర కట్టుకుని, పళ్ళెంలో రాఖీ, కుంకం, మిఠాయి పెట్టుకుని వచ్చింది. సూరిబాబూ వచ్చాడు. ధమ్తరీ రైలు మూడింటికి రావాలి. మూడయింది, నాలుగయింది. వాన కురుస్తూనే ఉంది.

పార్వతమ్మ పంచాంగం లేకుండా తల కూడా దువ్వుకోదు. "అయిదింటిదాకే పున్నమి. తర్వాత పాడ్యమి వచ్చేస్తుంది," అని గోడ గడియారం చూసింది.

నాలుగుంపావుకి స్టేషను పోర్టరు పరదేశి తడుస్తూ వచ్చి కబురు చెప్పాడు. యార్డులో వ్యాగను పట్టా తప్పింది. చిన్న రైలు తెలీబంధా దగ్గర సిగ్నల్ బయట నిలబడిపోయింది. ఎప్పుడు వదుల్తారో తెలీదు.

"పోన్లే," అంది పార్వతమ్మ పళ్ళెం మీద గుడ్డ కప్పుతూ. "తిథి పోయాక కట్టి ఏం లాభం? వచ్చే ఏడు కడతాను. రేపు మన భోజలి ఉంది కదా చెల్లీ."

"అవునక్కా. అదే అసలు."

తాయారు సూరిబాబు వంక చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత గడుసుపిల్ల కళ్ళలో నీళ్ళు చూడడం సూరిబాబుకి అదే మొదలు.

అతను లేచి నిలబడ్డాడు. "అమ్మా, పద."

"ఎక్కడికిరా?"

"సిగ్నల్ దగ్గరికి. రిక్షా తెస్తున్నాను. జల్దీ!"

రిక్షాలో ఇద్దరమ్మలూ, మధ్యలో పళ్ళెం. పక్కన వానలో సూరిబాబు పరుగు. అతని వెనక చెప్పులు చేత్తో పట్టుకుని తాయారు. తెలీబంధా గట్టు దాటేసరికి రిక్షా చక్రం బురదలో కూరుకుపోయింది. ఎదురుగా, పిలిస్తే పలికేటంత దూరంలో, రైలు చివరి పెట్టె. రెయిలింగు మీద మోచేతులు ఆన్చి భీమారావు మొక్కజొన్న పొత్తు తింటున్నాడు.

"ఏటైందే?" అని అరిచాడు పెళ్ళాన్ని చూసి. "ఇల్లు కూలిందేటి?"

పార్వతమ్మ రిక్షా దిగి బురద చూసింది. పట్టుచీర చూసుకుంది. అక్కడే నిలబడిపోయింది.

"ఒరే, ఇంక ఒక్క అడుగు వెయ్యను. ఈ రాఖీ ఇవాళే కట్టకపోతే నీకేం మునిగిపోతుందో చెప్తే వేస్తాను."

"అమ్మా, అదీ... ఒకే రకంవి రెండు కలిసిపోతే, వేరే రకంవి..."

"తెలుగులో చెప్పరా!"

అప్పుడే సిగ్నల్ చెయ్యి కిందికి వాలింది. ఇంజను కూత వేసింది. భీమారావు పొత్తు కింద పెట్టి పచ్చ జెండా అందుకున్నాడు.

"నేను తాయారుని పెళ్ళి చేసుకోవాలి!" అని సూరిబాబు ఆ కూత మీదుగా అరిచాడు. కూత ఆగిపోయింది. అతను ఆగలేదు. "నువ్వు దానికి పెద్దమ్మవైతే కుదరదు! అత్తవైతేనే కుదురుతుంది! నాకు ఆరు నెలల్నుంచీ జ్వరం!"

మూడో తరగతి కిటికీల్లోంచి తలకాయలన్నీ బయటికి వచ్చాయి. తెలుగు వచ్చినవాళ్ళు రానివాళ్ళకి హిందీలో చెప్పారు. దాలమ్మ రిక్షాలో నోరు తెరుచుకుని ఉండిపోయింది.

పార్వతమ్మ తాయారు వైపు తిరిగింది. "నీకూ జ్వరమేనా?"

"లేకపోతే ఈ వానలో నాకేం పని?" అంది తాయారు తల దించుకుని.

పార్వతమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపింది. బురదలోకి దిగింది. రైలు కదిలింది. అదృష్టం కొద్దీ అది ధమ్తరీ రైలు. దాన్ని గేదెలు దాటిపోయేవి. పార్వతమ్మ ఆ పెట్టె పక్కనే నడుస్తూ చెయ్యి చాచింది. భీమారావు కుడిచేత్తో జెండా ఊపుతూ, విషయమేమిటో తెలియకుండానే ఎడమచెయ్యి కిందికి చాచాడు.

"ఆ చెయ్యి కాదు, కుడిచెయ్యి!" అన్నారు కిటికీల్లో జనం.

జెండా చెయ్యి మార్చాడు. పార్వతమ్మ రెండు ముళ్ళు వేసింది. రొప్పుతూ అడిగింది.

"టైమెంత అన్నయ్యా?"

గార్డు ఉద్యోగంలో భీమారావు గడియారం చూడకుండా ఎవరికీ టైము చెప్పలేదు. జేబులోంచి తీసి చూశాడు. ఆ తర్వాత తనని ఏమని పిలిచిందో వినిపించినట్టు ఆమె మొహం చూశాడు.

"నాలుగూ నలభై ఆరు చెల్లెమ్మా."

అన్న చెల్లెలికి ఏదైనా ఇవ్వాలి కదా. పెట్టెలో ఉన్న మొక్కజొన్న పొత్తుల మూట మొత్తం ఆమె చేతుల్లో పడేసి, భీమారావు స్టేషను వైపు వెళ్ళిపోయాడు. రైల్లో జనం చప్పట్లు కొట్టారు.

* * *

రాత్రి భోజనాలకి అందరూ ఒకే వరసలో కూర్చున్నారు. సూరిబాబు భీమారావు పంచె కట్టుకుని, నాలుగు మెతుకులకో తుమ్ము తుమ్ముతున్నాడు. ఈసారి జ్వరం నిజంగానే వచ్చింది. తాయారు వడ్డిస్తోంది. అతని విస్తరి దగ్గర నెయ్యి రెండుసార్లు వేసింది, మూడోసారి వెయ్యబోయి ఆగింది.

"అయితే నువ్వు నాకు తమ్ముడివి కాదన్నమాట," అన్నాడు భీమారావు దిగులుగా.

"కాదండి."

"మరి చదరంగం?"

"అల్లుడు ఆడకూడదని లేదు కదండీ."

భీమారావు కాస్త తేరుకున్నాడు. "అల్లుడు మామగారి ఏనుగుని కొట్టకూడదు. అది మాత్రం ఉంది."

"మా ఆయనకి నేను చెప్తాను," అంది పార్వతమ్మ. "ఆయన స్టేషను రాజిమ్‌లో. ఇంట్లో సిగ్నల్ నాది."

అందరూ నవ్వారు. దాలమ్మ నవ్వలేదు. పప్పు కలుపుతోంది గానీ ముద్ద నోటికి వెళ్ళడం లేదు. చీకటి మూలన బుట్టలో భోజలి మొలకలు పసుపుగా మెరుస్తున్నాయి. ఇన్ని రోజులు దీపం వెలుతురు కూడా తగలనీకుండా పెంచింది. ముప్పయ్యేళ్ళకి దొరికిన మనిషి కోసం.

తాయారు గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. రాఖీ అయితే కట్టించగలిగింది. రేపు అమ్మ భోజలి కట్టుకుంటానంటే మాత్రం కాదనే నోరు తనకి లేదు.

"నాకెవరూ చెప్పలేదు," అంది దాలమ్మ చివరికి. "నా ఇంట్లో, నా కూతురు, నా స్నేహం. రైల్లో వాళ్ళందరికీ తెలిశాక నాకు తెలిసింది."

"అమ్మా..."

"నువ్వు ఆగు. సాయంత్రం పాలు పోస్తూ ఫులేసరి ఇంకో మాట చెప్పింది. భోజలి కట్టుకున్నవాళ్ళు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదంట. ఎదురుపడితే సీతారామ్ భోజలీ అని దణ్ణం పెట్టుకోవాలంట. బతికినన్నాళ్ళూ ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, దెబ్బలాడుకోకూడదంట."

"మంచిదే కదా," అంది పార్వతమ్మ.

"ఏటి మంచిది? నిన్న నువ్వు పెట్టిన నిమ్మకాయ ఊరగాయలో మెంతిపిండి ఎక్కువైంది. చెప్పకుండా ఎలా ఉండను?"

"ఎక్కువా? సాలూరులో అలాగే వేస్తారు!"

"సాలూరులో వెయ్యండి. నా ఇంట్లో ఎందుకు?"

"తిన్నప్పుడు బాగుందన్నావు!"

"అప్పటికి భోజలి అవుతావనుకుని అన్నాను!"

భీమారావు కంగారుగా చెయ్యి చాచాడు, చేతికి ఉన్న రాఖీ దారం కొస పెరుగులో మునిగింది. సూరిబాబు తుమ్మడం కూడా మర్చిపోయాడు. దాలమ్మ మొహం మాత్రం పొద్దుటినుంచీ లేనంత కళగా ఉంది.

"అందరూ వినండి," అంది ముద్ద చేతిలో పట్టుకుని. "రేపు నేను చెరువుకి వెళ్తాను. మొలకలు నీళ్ళలో కలిపేసి వస్తాను. ఎవరి చెవి వెనకా పెట్టను. నా వల్ల కాదు, జీవితమంతా దణ్ణాలు పెట్టుకుంటూ కూర్చోవడం. నాకు ఈమె వియ్యపురాలిగా కావాలి. వియ్యపురాలితో అయితే హక్కుగా పోట్లాడొచ్చు. పార్వతీ, నీ పంచాంగం తియ్యి. కార్తీకంలో ముహూర్తం చూడు. మెంతిపిండి సంగతి పెళ్ళయ్యాక తేలుద్దాం."